ఇచ్చట అనుభవం అమ్మబడును

ఎండలు ముదిరాయంటే కర్నూలు పక్కనుండే మా కల్లూరులో రెండిటికి గిరాకీ. ఒకటి చెరుకురసం బండి, రెండోది జిరాక్సు అంగడి. బండి దగ్గర చెరుకైనా నలుగుతుంది. జిరాక్సు అంగట్లో ఏదీ నలగకుండానే రెండు నెలల 'అనుభవం' బయటికొస్తుంది. స్పైరల్ బైండింగు చేసి, పైన ప్లాస్టిక్ అట్ట వేసి, వెచ్చవెచ్చగా చేతిలో పెడతారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన పిల్లల నుంచి, చదువులో పది నెలలు పని నేర్చుకోవాలని ఉన్నత విద్యామండలి నియమం పెట్టింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు సమాజ సేవ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు ఇంటర్న్‌షిప్పు, ఆ మీదట ఒక సెమిస్టరుకు సెమిస్టరే పనిలో. వినడానికి ముచ్చటగా ఉంది. బీబీఏ పిల్లోడు లాభనష్టాలను గైడులో కాకుండా గల్లాపెట్టెలో చూస్తాడంటే ఎవరికి చేదు? నియమం రాసినవాళ్లను నేనేమీ అనను. అది హంద్రీ ఏరు దాటి కల్లూరు చేరేసరికి ఏమైందో అదే నా గోడు.

మా వీధిలో ఒక బీబీఏ పిల్లోడున్నాడు. వాళ్లది కిరాణా అంగడి. ఏడో తరగతి నుంచి షట్టరు తీసేది వాడే. తెల్లారకముందే మండీకి పోతాడు. ఉల్లిగడ్డల గోనె మూతి విప్పి, చెయ్యి మోచేతి దాకా దింపుతాడు. అడుగున తడి తగిలితే మాట్లాడకుండా పక్క బస్తాకు పోతాడు. అంగడికొచ్చి పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కి జరుపుతాడు. దీన్నే వాళ్ల పుస్తకంలో 'ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్' అని పేజీలకు పేజీలు రాశారు. బాకీ పుస్తకం సంగతి సరేసరి. బేల్దారికి శనివారం కూలి ముడుతుంది కాబట్టి ఆదివారం పొద్దున్నే పోవాలని, మేనమామ బాకీ అడిగేకి నాయన కాదు అమ్మే పోవాలని వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు.

వాడు కాలేజీలో అడిగాడు, మా అంగట్లోనే ఇంటర్న్‌షిప్పు చేస్తాను సార్ అని.

"లెటర్‌హెడ్ ఉందా?"

"లేదు సార్."

"సీలుందా?"

"లేదు సార్."

"హెచ్చార్ మేనేజరు?"

పిల్లోడు కాసేపు ఆలోచించి, "మా అమ్మ ఉండాది సార్" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. నాకైతే అది సరైన జవాబే. అంగట్లో ఉండే ఇద్దరు కుర్రాళ్లకు అన్నం పెట్టేది, తిట్టేది, జ్వరమొస్తే ఇంటికి పంపేది ఆమే.

సార్‌ను తృప్తిపరచాలి గదా. యాడో ఉండే ఒక కంపెనీని ఫోనులో వెదికి పట్టుకున్నాడు. ఫారం నింపాడు, యూపీఐలో పంపాడు, డిజిటల్ మార్కెటింగులో రెండు నెలల సర్టిఫికెట్టు వచ్చింది. తేదీలు వెనక్కి జరపాలంటే రేటు ఇంకొంచెం ఎక్కువంట. మా సీమలో డబ్బును లెక్క అంటాం. లెక్క కట్టి లెక్కలోకొచ్చాడు, అంతే.

ఇక లాగ్‌బుక్కు. తేదీ, ఆ రోజు చేసిన పని, దానివల్ల నేర్చుకున్నది, పైవాడి సంతకం. అరవై రోజుల పని ఒక్క రాత్రిలో రాసేకి నలుగురు మిద్దె మీద కూర్చున్నారు. ఒకడు చెప్తాండాడు, ముగ్గురు రాస్తాండారు. పన్నెండో రోజు చేసిన పని: కీవర్డ్ రీసెర్చి. నేర్చుకున్నది: కీవర్డ్ రీసెర్చి. ఒకే సిరాతో రాస్తే దొరికిపోతామని పెన్నులు మార్చారు. నిజంగా రోజూ చేతుల్లో నలిగినట్టుండాలని కొన్ని పేజీలకు టీ మరకలు పెట్టారు. "ఆదివారాలు వదిలేయండ్రా, సెలవు!" అని ఒకడు గుర్తుచేశాడు. గడువు, పని పంపకం, నాణ్యత తనిఖీ అన్నీ కుదిరాయి. ఆ రెండు నెలలకు గాను వాళ్లు నేర్చుకున్న మేనేజిమెంటు ఏదైనా ఉందంటే ఆ రాత్రే.

అంతకుముందు ఏడాది సమాజ సేవ కూడా ఇదే తీరు. వీధి సర్వే, మొదటి ఇల్లు సొంతిల్లే. "అవ్వా, మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే, "కండ్లు పోయినాయా ఏమప్పా నీకు?" అందంట అవ్వ. ఫారంలో ఆ జవాబుకు గడి లేదు.

చదువుతో పాటు పని అనేది పెద్ద దేశాల్లో పద్ధతి అంటారు. నిజమే. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో 27 మంది ఇంజినీరింగు పిల్లలతో దీన్ని మొదలుపెట్టాడు. కొన్నాళ్లు తరగతిలో, కొన్నాళ్లు ఫ్యాక్టరీలో. చిన్న తేడా ఉంది లెండి, అక్కడ పిల్లలకు ఫ్యాక్టరీ కూలి ఇచ్చింది. ఆ మాటకొస్తే మన దేశంలోనూ 1961 నాటి అప్రెంటిసుల చట్టం ఉంది. 2019లో సవరించిన నిబంధనలు డిగ్రీ అప్రెంటిసుకు నెలకు కనీసం 9,000 రూపాయలివ్వాలన్నాయి. అప్రెంటిసు అంటే లెక్క వస్తుంది, ఇంటర్న్ అంటే లెక్క పోతుంది. ఒకే పనికి ఈ రెండు పేర్లు కనిపెట్టినాయన మా మార్కెట్ యార్డు దలారులకు గురువు కావాల్సినవాడు.

కర్నూలు పక్క కంపెనీలు యాడున్నాయి అంటారు కాలేజీవాళ్లు. ఏరు దాటితే ఉల్లి యార్డుంది. ఆదోనిలో పత్తి మార్కెట్టుంది. బేతంచెర్లలో నాపరాళ్లు పాలిషు పట్టే యూనిట్లున్నాయి. ధర పడిపోయి రైతు టమోటాలు రోడ్డు మీద పారబోసి పోయే రోజున పత్తికొండ మండీలో ఒక పూట నిలబడితే చాలు, గిరాకీ-సరఫరా పాఠం జన్మలో మరిచిపోరు. కాలేజీ కంటికి ఇవేవీ ఆనవు, అదొక్కటే లోపం.

మా పిల్లోడి వైవా రోజున పరీక్షకుడు సర్టిఫికెట్టు మీది హోలోగ్రామును వెలుతురుకు పెట్టి చూసి, లాగ్‌బుక్కు తిరగేసి, టీ మరకల దగ్గర కాస్త ఆగి, మంచి గ్రేడే వేశాడు. పిల్లోడు లేవబోతుంటే గొంతు తగ్గించి అడిగాడు: "మీది అంగడంట గదప్పా. ఉల్లిగడ్డలు పిరమైతాయా? ఒక బస్తా వేసిపెట్టుకోమంటావా?"

"వద్దు సార్. ఇప్పుడొచ్చేది మన వానాకాలం గడ్డ. తేమెక్కువ, నిలవుండదు. వారానికి రెండు కేజీలు కొనుక్కోండి. నిలవ కావాలంటే మహారాష్ట్ర గడ్డ చూసుకోండి, తొక్క గలగలమనాల."

ఇన్నాళ్ల బీబీఏలో వాడిని ఎవరైనా అడిగిన వ్యాపారం ప్రశ్న అదొక్కటే. దానికి మార్కుల్లేవు.

కాబట్టి ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. మీకు అడ్డం పడేది సీలే అయితే చెప్పండి, మా వీధిలోని ప్రతి అంగడికీ ఒక రబ్బరు స్టాంపు మేమే చేయిస్తాం. లెటర్‌హెడ్ ఆ జిరాక్సు అంగట్లోనే కొట్టిస్తాం, వాళ్లకూ కాస్త నిజమైన పని దొరికినట్టుంటుంది. మీరు మాత్రం ఒక్క పొద్దు మండీకి వచ్చి, పిల్లోడు గోనెలో చెయ్యి దింపేది కళ్లారా చూసి మార్కులేయండి. ఐదింటికే రండి, ఆలస్యమైతే వాడు అంగడి తీసేకి వెళ్లిపోతాడు. సంచి తెచ్చుకోవడం మరవకండి.