ఏడడుగుల సంబంధం

జట్టు యజమాని గారికి,

మీ పంట పండింది. డ్రాఫ్ట్ లాటరీలో, అంటే కొత్త కుర్రాళ్లను ఏరుకునే వరసకు తీసే చీటీల్లో, మొదటి నంబరు మీకే తగిలింది. కుర్రాడికి పందొమ్మిదేళ్లు. ఒంటికి ఇంకా సరిగా కండ పట్టలేదు, గుమ్మం కనపడితే అలవాటుగా తల వంచుతాడు. ఏడడుగుల పైచిలుకు మనిషి పొట్టివాళ్లలా బంతిని వేళ్ల మీద ఆడిస్తుంటే ఊరు ఊరంతా కళ్లప్పగించి చూస్తోంది. విలేకరుల ముందు మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్పారు కూడా, గెలుపోటములు తరువాత సంగతి, ఈ అబ్బాయి దీర్ఘకాలిక ఆరోగ్యమే మాకు ముఖ్యమని. విన్నవాళ్ల కళ్లు చెమర్చాయి.

నాకూ చెమర్చేవే గానీ మధ్యలో ఓ చిన్న లెక్క అడ్డొచ్చింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మొదటి రౌండు కుర్రాడి తొలి ఒప్పందం నాలుగేళ్లు. అందులో గట్టి హామీ మొదటి రెండేళ్లకే. మిగతా రెండేళ్లూ ఉంచుకోవడమా, పొమ్మనడమా అన్నది మీ చిత్తం. కుర్రాడి పాదం మాత్రం ఇంకో అరవై ఏళ్లు వాడితోనే ఉంటుంది. దానితో మెట్లెక్కాలి, మనవడి వెంట పరుగెత్తాలి, రాత్రిపూట బాత్రూముకు నడవాలి. మీరన్న దీర్ఘకాలం మీ నాలుగేళ్లా, వాడి అరవై ఏళ్లా అని ఆ సమావేశంలో ఎవరూ అడగలేదు.

ఈ వ్యవహారంలో అనుభవజ్ఞుల సలహా కావాలంటే పోర్ట్‌లాండ్ వెళ్లండి. పొడుగు కుర్రాళ్లను ఏరి తెచ్చుకోవడంలోనూ పోగొట్టుకోవడంలోనూ వాళ్లది అందెవేసిన చెయ్యి. 1974లో మొదటి నంబరుతో బిల్ వాల్టన్‌ను తెచ్చుకున్నారు. 1977లో ఆయన టైటిల్ గెలిపించాడు. మరుసటి సీజన్‌లో 60 మ్యాచ్‌లకు 50 గెలిచి ఊపు మీదున్నప్పుడు పాదం దెబ్బతింది. ప్లేఆఫ్స్‌లో సియాటిల్ మీద ఆడాలి మరి. నొప్పి తెలియకుండా సూది వేశారు. సూది బ్రహ్మాండంగా పనిచేసింది, నొప్పి పోయింది. ఆ సంగతి ఎముకకు మాత్రం ఎవరూ చెప్పలేదు. తరువాత ఎక్స్‌రే తీస్తే విరిగి ఉంది. లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఆయనకే ఇచ్చారు. ఆయన మాత్రం తనకు చేసిన వైద్యానికి నిరసనగా 1978-79 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చుని, ఆనక ఇంకో జట్టు చూసుకున్నాడు.

ఈ అనుభవంతో వాళ్లు పాఠం నేర్చుకున్నారు. ఈసారి ముందే క్షుణ్ణంగా పరీక్ష చేయించి మరీ తీసుకోవాలనుకున్నారు. 1984లో శామ్ బూయీ. కెంటకీ యూనివర్సిటీలో ఎడమ మోకాలి కింది పెద్ద ఎముక చిట్లి రెండు సీజన్లు ఆటకు దూరమైన కుర్రాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని నడిపించి చూసినట్టు ఆ ఏడడుగుల మనిషిని గంటల తరబడి తిప్పితిప్పి చూశారు. డాక్టరు చిన్న సుత్తి పట్టుకుని ఎముక మీద తట్టాడు. నొప్పిగా ఉందా? లేదండీ. ఇక్కడ? అబ్బే, లేదు. లోపల మాత్రం ప్రాణం పోయింది. ఆ సంగతి ఆయనే 2012లో ఒక డాక్యుమెంటరీలో చెప్పుకున్నాడు. ఇంట్లోవాళ్ల అవసరాలు ఉన్నవాడెవడైనా అదే జవాబు చెబుతాడన్నాడు. రెండో నంబరుగా ఆయన్ని తీసుకున్నారు. మూడో నంబరుగా షికాగో వాళ్లు తీసుకున్న కుర్రాడి పేరు మైకేల్ జోర్డాన్. నలభై ఏళ్లుగా జనం పోర్ట్‌లాండ్‌ను చూసి నవ్వుతున్నది జోర్డాన్‌ను వదులుకున్నందుకు. ఇరవై మూడేళ్ల కుర్రాడు సుత్తి దెబ్బకు పళ్లు బిగించి లేదు లేదని ఎందుకు అనాల్సి వచ్చిందన్నది నవ్వులాటకు పనికొచ్చే ప్రశ్న కాదు కదా.

2007లో మళ్లీ మొదటి నంబరు. గ్రెగ్ ఓడెన్. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే కుడి మోకాలికి మైక్రోఫ్రాక్చర్ ఆపరేషన్. అంటే మృదులాస్థి అరిగిన చోట ఎముకకే సన్నసన్న రంధ్రాలు పొడుస్తారు. రక్తం ఊరి, గడ్డకట్టి, అరిగిన పొరలాంటిది మళ్లీ పుడుతుందని ఆశ. పందొమ్మిదేళ్ల మోకాలికి ఈ వైద్యం. తొలి సీజన్ గల్లంతు. తరువాతి సీజన్‌లో 61 మ్యాచ్‌లు, ఆ పై సీజన్‌లో 21, అంతలో ఎడమ మోకాటి చిప్ప పగిలింది. 2012లో వదిలించుకునేనాటికి పోర్ట్‌లాండ్ తరఫున ఆడినవి మొత్తం 82. లీగ్‌లో ఒక జట్టు ఒక్క సీజన్‌కు ఆడేది సరిగ్గా అన్నే. ఐదేళ్ల కాపురంలో ఒక సీజన్.

ఈ ముగ్గురి కథా విన్నవాళ్లు ఆ ఊరికేదో శాపం ఉందంటారు. శాపం మంచి మాట. శాపమైతే ఎవరూ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, ఎవరి ఉద్యోగమూ పోదు.

హ్యూస్టన్ వాళ్లది ఇంకో పద్ధతి. 7 అడుగుల 6 అంగుళాల యావో మింగ్‌ను 2002లో మొదటి నంబరుగా తీసుకుని, చైనాతో పంచుకున్నారు. చలికాలం మాకు, వేసవి మీకు. తొలి మూడు సీజన్లలో 246 మ్యాచ్‌లకు ఆయన తప్పింది రెండే రెండు. వేసవి రాగానే దేశం తరఫున ఆట, మళ్లీ చలికాలం రాగానే లీగ్. మనిషి అలసిపోడు, యంత్రం అని మెచ్చుకున్నారు. వాపును చూసి బలుపనుకోవడం మన సామెతల్లోనే కాదు, స్పోర్ట్స్ పేజీల్లోనూ ఉంటుంది. 2006 ఏప్రిల్‌లో ఎడమ పాదం ఎముక విరిగింది. ఆగస్టుకల్లా జపాన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. 2008 ఫిబ్రవరిలో అదే పాదంలో మళ్లీ బీట. ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌కు చైనా జెండా పట్టుకుని నడిచింది ఆ పాదంతోనే. 2009 ప్లేఆఫ్స్‌లో ఇంకోసారి విరిగింది, తరువాతి సీజన్ మొత్తం పోయింది.

అప్పుడు, అన్నీ అయ్యాక, చేతులు కాలాక, హ్యూస్టన్ వాళ్లకు ఆకులు గుర్తొచ్చాయి. 2010-11లో మ్యాచ్‌కు 24 నిమిషాలకు మించి ఆడించబోమని ప్రతిజ్ఞ పట్టారు. ఐదు మ్యాచ్‌లు ఆడాడు. అంతే. ఆ ఐదు మ్యాచ్‌ల మనిషిని అభిమానులు ఓట్లు గుద్ది ఆ ఏటి ఆల్‌స్టార్ తుది జట్టుకు ఎన్నుకున్నారు! జూలైలో, ఇంకా ముప్పై ఒకటి రాకుండానే, ఆయన రిటైరయ్యాడు.

ఇక మీ అసలు శత్రువును పరిచయం చేస్తాను. పాదం వంపు పైన, చీలమండకు కాస్త ముందు, పడవ ఆకారంలో ఓ చిన్న ఎముక ఉంటుంది. నావిక్యులర్ అంటారు. ఎగిరి దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడిని పంచుకునేది అదే. దాని నడిమి భాగానికేమో రక్తం అంతంత మాత్రంగా అందుతుంది. కాబట్టి బీట పడితే అతుక్కోవడానికి మొండికేస్తుంది. మీరు ఎంత తొందరపెట్టినా, ఏ చానల్ వాళ్లు ఎంత చెల్లించినా, అది తన లెక్క ప్రకారమే అతుకుతుంది. ఫిలడెల్ఫియా వాళ్లు 2014లో తీసుకున్న జోయెల్ ఎంబీడ్‌కు విరిగింది ఇదే. రెండు ఆపరేషన్లు, రెండు సీజన్లు నిల్. వాళ్లు ఓపిక పట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. 2016-17లో దింపినప్పుడు కూడా నిమిషాలు లెక్కపెట్టి ఆడించారు.

లెక్కపెట్టారు గానీ, 2017 జనవరి 20న మోకాలు మెలికపడింది. వారం రోజులు కూర్చోబెట్టారు. 27న హ్యూస్టన్‌తో మ్యాచ్. అది జాతీయ టీవీలో ప్రసారమయ్యే మ్యాచ్. ఆరోజు మాత్రం మోకాలు శుభ్రంగా కుదుటపడింది. 32 పాయింట్లు వేశాడు, దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తరువాత ఆ సీజన్‌లో ఆయన మళ్లీ కోర్టులో కాలు పెట్టలేదు. లోపల మెనిస్కస్ అనే మెత్తని పట్టీ చిరిగిందన్న కబురు ఫిబ్రవరిలో గానీ బయటకు రాలేదు. టీవీ కెమెరాకు ఇంతటి వైద్యశక్తి ఉందని ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పరు.

లీగ్ చేతికి మాత్రం మట్టి అంటకూడదు. 2023 నుంచి నిబంధన, 65 మ్యాచ్‌లు ఆడనివాడికి పెద్ద అవార్డులు లేవు. స్టార్ ఆటగాడిని కారణం లేకుండా కూర్చోబెడితే జట్టుకు మొదటిసారి లక్ష డాలర్లు, రెండోసారి రెండున్నర లక్షలు జరిమానా. 2024 జనవరి 27న ఎంబీడ్ మోకాలి నొప్పితో డెన్వర్‌లో ఆడకపోతే, అవతల వాళ్ల మేటి ఆటగాడు యోకిచ్ ఉన్నాడని జడిసి తప్పుకున్నాడన్నారు. మూడు రోజులకు గోల్డెన్ స్టేట్ మీద దిగాడు, కుంటుతూనే ఆడాడు. అవతలివాడొకడు ఆ మోకాలి మీదే పడ్డాడు. ఆపరేషన్. ఆ సీజన్‌కు 39 మ్యాచ్‌లతో సరి. ఆడకపోతే పిరికివాడు, ఆడితే రోగి. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పిడికిళ్లన్నీ చేరేది ఒక్క మోకాలిలోకే.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? 2025లో ఇంగ్లండ్‌లో బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే చెప్పారు. వెన్నుకు ఆపరేషన్ అయిన మనిషి. మన హైదరాబాదీ సిరాజ్ ఐదూ ఆడి, ఓవల్‌లో ఆఖరి పొద్దున మ్యాచ్ గెలిపించాడో లేదో, వర్క్‌లోడూ లేదు గిర్క్‌లోడూ లేదని వాట్సాప్ గ్రూపుల్లో తీర్పులు వెలువడ్డాయి. ఒకడి వెన్ను గట్టిగా ఉంటే ఇంకొకడి వెన్ను నయమైపోతుందని మనవాళ్ల సిద్ధాంతం.

విశ్రాంతి ఇచ్చినవాడికి దక్కిన మర్యాద కూడా చూడండి. 2012లో శాన్ ఆంటోనియో కోచ్ గ్రెగ్ పాపోవిచ్ ఒక రోజు టిమ్ డంకన్‌ను ఆడించకుండా, స్కోరు పట్టికలో కారణం ‘ముసలితనం’ అని నమోదు చేయించాడు. అదే ఏడు నవంబరులో మయామీ మ్యాచ్‌కు ముందు డంకన్‌తో కలిపి నలుగురిని విమానం ఎక్కించి ఇంటికి పంపితే లీగ్ రెండున్నర లక్షల డాలర్లు కట్టించుకుంది. ఆ ముసలాయన 2014లో ఇంకో టైటిల్ గెలిచి, 19 సీజన్లు పూర్తిచేసి తన కాళ్ల మీద తాను వెళ్లిపోయాడు. ఇంకో సంగతి, డంకన్ చిన్నప్పటి నుంచీ ఇదే ఆటకు కట్టుబడినవాడు కాదు, అప్పట్లో ఈతగాడు. 1989 తుపానులో వాళ్ల ద్వీపంలోని ఈతకొలను పాడయ్యాకే బాస్కెట్‌బాల్ పట్టాడు. 18 సీజన్లు ఆడిన హకీమ్ ఒలాజువాన్ నైజీరియాలో పదిహేనేళ్లదాకా ఫుట్‌బాలూ హ్యాండ్‌బాలూ ఆడుకున్నవాడు. ఇద్దరి సంగతి చూపించి సిద్ధాంతం కట్టను. ఎంబీడ్ కూడా కామెరూన్‌లో ఆలస్యంగానే మొదలుపెట్టాడు మరి. కాకపోతే మీ దేశంలో పన్నెండేళ్ల పొడుగు పిల్లాడిని శనాదివారాల్లో నాలుగైదు మ్యాచ్‌లు ఆడిస్తున్నారు. ఎముక ముందు సాగుతుంది, కండరమూ స్నాయువూ దాన్ని అందుకోవడానికి సమయం పడుతుంది. పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టేయొద్దని 2016లో ఎన్‌బీఏనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఫ్రేము కట్టించి గోడకు తగిలించినట్టున్నారు.

ఇప్పుడు అందరి కళ్లూ ఉన్న శాన్ ఆంటోనియో పొడుగు కుర్రాడు విక్టర్ వెంబన్యామా చెంతకు వద్దాం. బుద్ధిగా పెంచుతున్నారు. ఫ్రాన్స్‌లో ఉన్నప్పటి నుంచే కాలి వేళ్లకు విడిగా వ్యాయామాలు చేయించారు. తొలి సీజన్ 71 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు ముప్పై నిమిషాల లోపే. పాదాలు చక్కగా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టింది. మీరు ముందు తలుపుకు తాళం వేసి కాపలా కాస్తే దొంగ పెరట్లోంచి వచ్చాడు. కాపలా దండగని కాదు నేననేది. పొడుగు శరీరం మనకింకా పూర్తిగా అంతుపట్టలేదని ఒప్పుకునే వినయం విలేకరుల సమావేశాల్లో కరువైందని.

లీగ్‌కు ఆ బాధ లేదు. విశ్రాంతి వల్ల గాయాలు తగ్గుతాయన్న దాఖలా దొరకలేదని 2024 జనవరిలో తనే ఓ నివేదిక ఇచ్చుకుంది. మంచిది, ఆటగాడికి విశ్రాంతి అక్కర్లేదనే అనుకుందాం. పోనీ మ్యాచ్‌లు తగ్గించండి అంటే? 1967-68 నుంచి మామూలు సీజన్‌కు 82 అంటే 82. 2025-26 నుంచి పదకొండేళ్లకు టీవీవాళ్లు ఇచ్చేది దాదాపు 7,600 కోట్ల డాలర్లు మరి. కొవిడ్ పుణ్యమాని 2020-21లో 72 ఆడించారు. పది మ్యాచ్‌లు తగ్గించి, రోజులు అంతకంటే ఎక్కువ తగ్గించారు. ముందు సీజన్ ఫైనల్ ఆడిన జట్లకు రెండున్నర నెలలైనా తెరిపి లేదు.

కాబట్టి 82 తగ్గించమని మిమ్మల్ని అడిగి నా మాట వృథా చేసుకోను. మీ లాయర్లకు చేతనైన పనే అడుగుతాను. 2017లో ఎంబీడ్‌తో ఫిలడెల్ఫియా వాళ్లు పెద్ద ఒప్పందం రాసుకున్నప్పుడు పాత గాయాల జాబితాను, పాదాలూ నడుముతో సహా, కాగితం మీదికి ఎక్కించారని వార్తలొచ్చాయి. ఆ చోట్ల మళ్లీ దెబ్బ తగిలి ఇన్ని మ్యాచ్‌లు పోతే జట్టు బాధ్యత తగ్గించుకోవచ్చన్నమాట. అది పాదాన్ని కాపాడే షరతు కాదు, పాదం బారి నుంచి యజమానిని కాపాడే షరతు. రిటైరైన ఆటగాళ్ల ఆరోగ్య బీమాకు 2016లో డబ్బు పెట్టడానికి తీర్మానించింది కూడా మీరు కాదు, ఆటగాళ్ల సంఘమే.

మీ కొత్త కుర్రాడి కాగితాలు ఇంకా సంతకాలు కాలేదట. అందులో ఒక్క వాక్యం చేర్పించండి. ఈ లీగ్‌లో ఆడిన ఆట వల్ల ఈ అబ్బాయికి డెబ్బయ్యో ఏటి దాకా పాదానికీ మోకాలికీ అయ్యే ఖర్చు జట్టే భరిస్తుందని. లాయరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, అంత దీర్ఘకాలం మనం ఎలా హామీ ఇస్తాం సార్ అంటారు. ఆయన చేతే విలేకరుల సమావేశం పెట్టించండి.