థ్రిల్లర్ రాసేవాళ్లకు తలకిందుల సలహాలు

రాజకీయ థ్రిల్లర్ రాయబోతున్నారా? హీరోకు ముప్పై ఏళ్లుండాలి, గోడలు దూకాలి, తుపాకీ పేల్చడం రావాలి అని మీకు చాలామంది చెబుతారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. డెబ్బై దగ్గరపడిన ఆడమనిషిని పెట్టండి. మోకాళ్ల నొప్పులు ఉండనివ్వండి. పోలీసు శాఖలో చేసి రిటైరైందనో, వయసులో ఉండగా కరాటే నేర్చుకుందనో వెనక కథ అల్లొద్దు.

1966లో అమెరికన్ రచయిత్రి డొరొతీ గిల్మన్ ఈ పనే చేశారు. ఆవిడ సృష్టించిన మిసెస్ పోలిఫాక్స్ న్యూజెర్సీలో ఉండే వితంతువు. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. తోటల సంఘం, ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ, ఇదీ ఆవిడ లోకం. ఒకరోజు నేరుగా సీఐఏ ఆఫీసుకు వెళ్లి గూఢచారిగా పనిచేస్తానంటుంది. మెక్సికో సిటీలో ఒక పుస్తకాల షాపుకు వెళ్లి రావడమే పని. తీరా చూస్తే అల్బేనియా జైల్లో తేలుతుంది. ఆనాటి అల్బేనియా మాస్కోతో తెగతెంపులు చేసుకుని చైనా పక్షం చేరిన దేశం. అంతటి రాజకీయం ఆ జైలు గోడల మధ్యకు వచ్చి కూర్చుంటుంది. అక్కడ ఆవిడ చేసేదేమిటి? కాపలావాళ్లతో మాటలు కలుపుతుంది, పేకముక్కలు పరుచుకుని ఒంటరిగా ఆడుకుంటుంది. అందరూ వెతుకుతున్న మైక్రోఫిల్మ్ ఆ ముక్కల్లోనే ఉంది! అందుకే రహస్యాన్ని లాకర్లో దాచకండి, అందరి కళ్లెదుటా పెట్టండి. 2000 వరకూ సాగిన ఆ వరుసలో 14 నవలలు వచ్చాయి.

ముసలావిడ కదా అని మంచితనం పులిమెయ్యకండి. అందరికీ ముద్దొచ్చే బామ్మ రాజకీయ కథకు పనికిరాదు. ఆవిడకు ఒక పార్టీ ఉండాలి, పాత కక్షలుండాలి, తప్పో ఒప్పో ఒక నమ్మకం ఉండాలి. బ్రిటన్‌లో మెలిటా నార్‌వుడ్ అనే ఆవిడ లోహాల పరిశోధన సంస్థలో సెక్రటరీగా పనిచేస్తూ, అణుబాంబు పరిశోధనకు సంబంధించిన కాగితాలు సోవియట్ గూఢచార సంస్థకు చేరవేసింది. 1999లో ఆ సంగతి బయటపడేనాటికి ఆవిడకు 87 ఏళ్లు. విలేకరులు వస్తే లండన్ శివార్లలోని తన ఇంటి తోటలో నిలబడి సమాధానం చెప్పింది. కేసు పెట్టలేదు. డబ్బు కోసం కాదు, నమ్మిన సిద్ధాంతం కోసమే చేశానంది. ఆ నమ్మకాన్ని మీరు ద్వేషించినా సరే, అలాంటి గట్టితనం మీ కథానాయికకు ఇవ్వండి.

ఈ అవకాశం చేతికందినా వదులుకున్నవాళ్లూ ఉన్నారు. స్టెల్లా రిమింగ్టన్ 1967లో ఢిల్లీలోని బ్రిటిష్ హైకమిషన్‌లో పార్ట్‌టైం గుమాస్తా పనితో గూఢచార రంగంలోకి అడుగుపెట్టి, 1992లో బ్రిటన్ అంతర్గత భద్రతా సంస్థ ఎంఐ5కు తొలి మహిళా అధిపతి అయ్యారు. డెబ్బైకి చేరువలో థ్రిల్లర్లు రాయడం మొదలుపెట్టి, అంత అనుభవముండీ, ముప్పైల్లో ఉన్న లిజ్ కార్లైల్‌ను నాయికగా ఎంచుకున్నారు. నాకది పెద్ద నష్టంగా తోస్తుంది.

మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు, మధుబాబు గూఢచారి షాడో ఉన్నాడు. వాళ్ల సాహసాల కోసం ఎదురుచూసిన తరం మనది. ఇక చాలు, వాళ్లను విశ్రాంతి తీసుకోనిద్దాం. తుపాకుల పేర్లు, రాయబార కార్యాలయాల ప్లాన్లు వెతకడం మానేసి తహసీల్దారు ఆఫీసు వరండాలో కూర్చోండి. మన రాజకీయ నేరం చాలావరకు భూమి చుట్టూ తిరుగుతుంది: అడంగల్, పహాణీ, పట్టా, రిజిస్ట్రేషన్. అక్కడ ముప్పై ఏళ్లు టైపు కొట్టి రిటైరైన ఆవిడకు ఏ సర్వే నంబరు ఏ ఎన్నికల ముందు ఎవరి పేరుకు మారిందో తెలుసు. ఎమ్మెల్యే మనుషులు “పిన్నిగారూ, కాస్త మంచినీళ్లు” అని తాగేసి, ఆవిడ ముందే బేరం మాట్లాడుకుంటారు. ఆవిడ వింటోందన్న అనుమానం కూడా వాళ్లకు రాదు. ముసలి ఆడవాళ్లను మనం ఎంతగా లెక్కచెయ్యమో చూపించడానికి ఇంతకంటే మంచి సన్నివేశం దొరకదు.

నేరస్థుడెవరో మొదటి యాభై పేజీల్లోనే చెప్పేయండి. ఊళ్లో అందరికీ తెలిసిన విషయాన్ని పాఠకుడి దగ్గర దాచి ఏం లాభం? తెలిసినా సాక్ష్యం చెప్పేవాడు ఉండడు, రాసుకునే ఎస్సై ఉండడు, వేసుకునే పత్రిక ఉండదు. అసలు ఉత్కంఠ అక్కడుంది. వేటాడే దృశ్యం కావాలంటే, పెన్షన్ ఆపేస్తామన్న బెదిరింపు రాయండి. కారు ఛేజ్ కంటే అది భయంకరంగా ఉంటుంది.

చివరగా ఒక్క విన్నపం. ఆఖరి అధ్యాయంలో అమెరికా నుంచి కొడుకును దింపొద్దు, ఐపీఎస్ మనవడి చేత కాపాడించొద్దు. కేసు ఆవిడే తేల్చాలి, పుస్తకం అట్టమీద ఆవిడ బొమ్మే ఉండాలి.