525 రెట్లు

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా శనిగ్రహం వలయాలు చూపిస్తానని మాటిచ్చాను. దుకాణంలో రెండు టెలిస్కోపులుంటే, డబ్బా మీద 525 రెట్లు అని పెద్దక్షరాల్లో ఉన్నదే తీసుకున్నాను. లెన్స్ వెడల్పు 60 మిల్లీమీటర్లని ఆ పక్కనే చిన్నక్షరాల్లో ఉంది. చదివి కూడా పట్టించుకోలేదు.

ఆ రాత్రి డాబా మీద 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, రెట్లను మూడింతలు చేసే బార్లో గొట్టం కూడా తగిలించాను. గంటసేపు వెతికితే గ్రహం దొరికింది. "నాన్నా, ఏదో మసగ్గా ఉంది, జారిపోతోంది" అంది అమ్మాయి. "కన్ను సరిగ్గా పెట్టు, చూడటం కూడా రాదా?" అని కసిరాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. పిల్ల ఉన్నదున్నట్టే చెప్పింది. టెలిస్కోపు అటకెక్కింది.

పదో తరగతిలో అమ్మాయికి ఆవర్ధనం పాఠం వచ్చింది. ఒకరోజు పొద్దున నేను గడ్డం గీసుకునే పుటాకార అద్దం తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత మెల్లగా దూరం జరిపింది. మొహం పెద్దదవుతూ అవుతూ, చెదిరిపోయి, చివరికి తలకిందులైంది. "నాభి దాటితే అంతే నాన్నా" అంది. ఇరవయ్యేళ్లుగా ఆ అద్దం ముందే నిలబడుతున్నాను. పెద్దగా చూపడానికి దేనికైనా ఓ హద్దుంటుందని ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే డబ్బా దింపించి, లెక్క కాగితం మీద వేసి చూపింది. ముందు లెన్స్ నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 4తో భాగిస్తే 175, బార్లోతో కలిపి 525. డబ్బా మీది అంకె అబద్ధం కాదు. కానీ లోపలికొచ్చే వెలుగంతా ఆ 60 మిల్లీమీటర్ల లెన్స్ పట్టిందే. ఉదాహరణకు 35 రెట్ల దగ్గర ఉన్న బొమ్మను 525కి సాగదీస్తే వెలుగు 225 వంతులు పలచబడుతుంది. అంత చిన్న లెన్స్‌తో సుమారు 120 రెట్లు దాటాక కొత్త వివరమేదీ కనిపించదు, మసకే పెద్దదవుతుంది. భూమి తిరుగుడు కూడా అన్ని రెట్లూ పెరిగి కనిపిస్తుంది. గ్రహం జారిపోయింది అందుకే. 1610లో గెలీలియో గురుగ్రహం చందమామలను కనిపెట్టింది ఇరవై రెట్ల టెలిస్కోపుతోనే.

డబ్బా అడుగున, కవరు కూడా విప్పని 20 మిల్లీమీటర్ల ఐపీస్ ఉంది. అది పెడితే 35 రెట్లు. శని కనిపించే రోజులు రాగానే మళ్లీ డాబా ఎక్కాం. పెసరగింజంత లేత పసుపు చుక్క, దాని చుట్టూ సన్నగా, స్పష్టంగా వలయం. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆనాడు కసిరినందుకు క్షమించమని అడిగాను.

పిల్లలకు టెలిస్కోపు కొనేవాళ్లు ఎన్ని రెట్లని అడగకండి. ముందు లెన్స్ ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో అడగండి. చూసేటప్పుడు అన్నిటికంటే తక్కువ రెట్ల ఐపీస్‌తో మొదలుపెట్టండి.