నలభై పళ్ల రంపం

పది రోజులుగా మా వసారాలో మాడు వాసన. టేకు పలక టేబుల్ రంపంలోకి శుభ్రంగా పోయి, అంచుకు కాటుక పెట్టుకుని బయటికొస్తోంది. సగం కోతలో మోటారు మూలుగుతోంది.

కొత్తచెరువులో మోటారు మూలిగితే మనుషులు చేరడానికి టీ కాగేంత సేపు చాలు. "బోర్లన్నీ ఒకేసారి ఏసింటారు సార్, ఓల్టేజీ దిగింటాది." "కెపాసిటర్ పోయింటాది." "బ్లేడు తిరగేసి బిగించినావేమో." మూడూ జరిగేవే, కాబట్టి ఎవరినీ పొమ్మనలేం. నాలుగో ఆయన, దసరాకు మిషన్ ముందు గుమ్మడికాయ కొట్టినావా అని అడిగాడు. కొట్టాను.

తప్పు పళ్లదేనని నేను తేల్చాను. మొన్న కోసిన వేప బంక పంటి పంటికీ నల్లగా పట్టి ఉంది మరి. బ్లేడు విప్పి, బట్టల సోడా నీళ్లలో నానేసి, పాత టూత్‌బ్రష్షుతో తోమాను. నలభై పళ్లు. నా నోట్లో మిగిలిన ఇరవై ఆరింటికి ఏనాడూ ఇంత మర్యాద దక్కలేదు. "ఆ పుచ్చిపన్ను పీకించుకోమని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా" అంది మా ఆవిడ. హిందూపురం పోయే తీరిక లేదన్నాను. రంపం పళ్లకు మాత్రం మర్నాడే ధర్మవరం బస్సెక్కాను. సాన పట్టే ఆయన పంటికింత అని లెక్క కట్టాడు. పళ్ల డాక్టరూ అంతే కడతాడు, కాకపోతే నోరు తెరిపించి. సాయంత్రం ధర్మవరం నుంచి సంచితో దిగిన మొగుణ్ణి చూసి మా ఆవిడ మొహం ఎట్లా వెలిగిందో, సంచి విప్పాక ఎట్లా ఆరిందో రాయను. పట్టుచీరల ఊరికి పోయి పళ్ల చక్రం తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బిగించి కోశాను. పలక మాడింది.

చివరికి వడ్రంగి ఆచారికి కబురు పెట్టాను. ఆయన వస్తూనే ప్లగ్గు పీకాడు. ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, ముందు పక్క దాన్నుంచి, పలకను ఆనించి తోసే గైడుకు కొలిచాడు. చేత్తో చక్రం తిప్పి, అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలిచాడు. వెనక అర నూలు తక్కువ. నేత నూలు కాదు, వడ్రంగి నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు. పలక పోతూ పోతూ ఇరుక్కుని, బ్లేడుకు ఒరుసుకుని మాడుతోందన్నమాట. గైడు బోల్టులు రెండూ వదులు చేసి చెక్కసుత్తితో ఒక దెబ్బ. ఐదు నిమిషాల పని. బస్సు చార్జీ, సాన కూలి, ఒక చీర నా ఖాతాలో పడ్డాయి.

"ఇట్లనే కోస్తా ఉంటే పలక ఎగిరి రొమ్ముకు కొట్టేది సామీ. బ్లేడు మీద మూత యాడ?"

కోత కనపడటం లేదని నేనే పీకి మేకుకు తగిలించాను. దాన్ని అందుకున్న ఆచారి కుడి చేతికి చూపుడు వేలు రెండో కణుపుతో ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందట మా తలుపులు చేసిన చెయ్యే అది. ఎట్లా పోయిందని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేక, చర్మం తగిలితే సెకనులో రెండొందలో వంతుకే ఆగిపోయే రంపం అమెరికాలో ఉందని చెప్పాను.

"ఎప్పుడు కనిపెట్టినారు సామీ?"

"1999లో."

"మనది ముందు సంవత్సరం" అని, మూతకు స్క్రూలు ఇమ్మన్నాడు.