ఆదాయం ఒకటి, వ్యయం నాలుగు

తెల్లవారుజామున అయిదింటికి కింది వాటాలో లైటు వెలిగిందంటే మా వైపు దానికి రెండే అర్థాలు. ఎవరో ఊరెళ్తున్నారు, లేదా ఎవరో పోయారు. షికాగోలో మేముండేది రెండంతస్తుల పాత ఇటుకల ఇల్లు. పైవాటాలో మేం, కింద ఓనరు దంపతులు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. 2025 మార్చి 18న అయిదు కొట్టకముందే కింద లైటు వెలిగింది. ఆరున్నర ప్రాంతంలో ఒక మూలుగు కూడా వినిపించింది.

"ఏమండీ, ఓసారి వెళ్లి చూసి రండి" అంది మా ఆవిడ, దుప్పట్లోంచే.

వెళ్లాను. పెద్దాయన టీవీ ముందున్నాడు. ఒంటిమీద నీలం చొక్కా, నెత్తిన నీలం టోపీ, కింద గళ్ల పైజమా. ఒళ్లో అట్ట, అట్టమీద స్కోరు రాసే కాగితం, చేతిలో పెన్సిలు. నన్ను చూసి, "తీసేశారబ్బాయ్" అన్నాడు. ఆ గొంతుకి నేను వెంటిలేటర్ తీసేశారనుకుని లోపలి గదిలోకి తొంగిచూశాను. పెద్దావిడ నిక్షేపంగా గుర్రు పెడుతోంది.

తీసేసింది షోటా ఇమనాగ అనే బౌలర్ని. ఆరోజు షికాగో కబ్స్ జట్టుకి బేస్‌బాల్ సీజన్‌లో మొదటి ఆట. ఆడుతున్నది జపాన్‌లో, టోక్యో డోమ్ స్టేడియంలో. అక్కడ రాత్రి ఏడూ పదికి మొదలుపెడితే ఇక్కడ తెల్లవారి అయిదూ పది. ఎదుటివాళ్లు అంతకుముందు ఏడాది కప్పు కొట్టిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. ఇమనాగ నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్టు ఇవ్వలేదు. కాకపోతే గతి తప్పిన బంతులు వేసి నాలుగుసార్లు మొదటి బేసు ఉత్తపుణ్యానికి రాసిచ్చాడు. 69 బంతులయ్యాయి. సీజన్ మొదట్లోనే చెయ్యి అరగదియ్యడం ఎందుకని ఆపేశారు. అప్పటికి కబ్స్ 1-0తో ముందుంది. అయిదో ఇన్నింగ్స్‌లో ఇంకొకాయన బంతి అందుకున్నాడు, మూడు పరుగులు పోయాయి. నేను విన్న మూలుగు అదే. చివరికి 4-1.

పైకొచ్చి మా ఆవిడకి చెప్పడంలో చిన్న చిక్కొచ్చింది. ఆయన అన్నది "వీ లాస్ట్" అని. ఇంగ్లీషువాడికి ఆ ఒక్క మాటతో గడిచిపోతుంది. తెలుగులో అలా కుదరదు, మేమా, మనమా తేల్చుకోవాలి. ఎటూ తేలక, "వాళ్లు ఓడిపోయారట" అన్నాను.

మన దగ్గర క్రికెట్ ఓడితే పిడుగు పడినట్టుంటుంది. రెండు రోజులు టీవీ ముఖం చూడం, మూడోనాడు మర్చిపోతాం. బేస్‌బాల్ అభిమాని సంసారం వేరు. ఏడాదికి 162 ఆటలు. వాటిలో ఓటమి నెలనెలా కట్టే కరెంటు బిల్లులాంటిది. 2016లో కప్పు గెలిచిన కబ్సే ఆ ఏడాది 58 ఆటలు ఓడింది. ఈ లెక్క పెద్దాయనకి మనందరికన్నా బాగా తెలుసు. తెలిసీ, మొదటి ఆట ఓడేసరికి ఉగాదినాడు గుళ్లో పంచాంగ శ్రవణానికి కూర్చున్న మనిషైపోతాడు. ఏడాది ఫలం మొత్తం అందులోనే ఉంది. ఆదాయం ఒకటి, వ్యయం నాలుగు. రాజపూజ్యం సంగతి అడక్కండి. అవమానం ఎటూ ఉంది.

ఆ పంచాంగం ఆయన స్వహస్తాలతో రాసుకున్నదే. టీవీలో అన్ని అంకెలూ కనిపిస్తూనే ఉంటాయి, అయినా పెన్సిలుతో రాస్తేగానీ జరిగినట్టు కాదు. బ్యాటరు మూడో స్ట్రైకుకి బ్యాటు ఊపి అవుటైతే మామూలు 'కె' అక్షరం. ఊపకుండా గుడ్లప్పగించి నిలబడి అవుటైతే తిరగేసిన 'కె'. ఊపి అవుటైనవాణ్ణి ఆయన క్షమిస్తాడు. నిలబడి చూసినవాడికి మాత్రం క్షమాభిక్ష లేదు. ఆ అక్షరం రాసేటప్పుడు ఎంత నొక్కుతాడంటే, కాగితం తిప్పి చూస్తే వెనకాల అచ్చమైన 'కె' ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది.

ఫలశ్రుతి కాఫీ కప్పుతో మొదలవుతుంది. ఆయన శాస్త్రంలో కారణం లేని ఓటమి లేదు. 1945 వరల్డ్ సిరీస్‌లో ఒక బారు ఓనర్ని మేకతో సహా స్టేడియంలోంచి గెంటేశారనీ, ఆయన శపించాడనీ షికాగోలో పిల్లలకి కూడా తెలుసు. (మన దగ్గర మేకని గుడి గేటు దగ్గర ఎవరూ ఆపరు. అది మేకకి మంచిదని కాదు.) కానీ మేక కథ పామరులకి. పెద్దాయన దగ్గరున్నది వేరే, సొంత పరిశోధన.

1994 ఏప్రిల్ 4, కబ్స్ సొంత స్టేడియం రిగ్లీ ఫీల్డ్, సీజన్ మొదటి ఆట. తొలి బంతి లాంఛనంగా విసరడానికి హిల్లరీ క్లింటన్ వచ్చింది. టఫీ రోడ్స్ అనే కబ్స్ కుర్రాడు బ్యాటు పట్టిన మొదటి మూడుసార్లూ బంతిని ఫెన్సింగ్ దాటించాడు. బంతులు వేసింది డ్వైట్ గూడెన్ అంతటివాడు. అయినా ఆట ఎదుటి జట్టు మెట్స్‌దే, 12-8. ఆ తర్వాత ఏడాదంతా కలిపి రోడ్స్ కొట్టినవి ఇంకో అయిదు. కొన్నాళ్లకి జపాన్ వెళ్లాడు. 2001లో అక్కడ ఒకే సీజన్‌లో 55 హోమ్‌రన్లు కొట్టి సదహరు ఓ అనే ఆటగాడి రికార్డుని అందుకున్నాడు. తర్వాత యోమియురి జెయింట్స్‌లో చేరి ఇదే టోక్యో డోమ్‌ని సొంతిల్లు చేసుకున్నాడు.

"ఇక్కడ నిలుపుకోలేకపోయినవాడు అక్కడ దేవుడయ్యాడు. ఆ గడ్డమీదకెళ్లి సీజన్ మొదలుపెడితే ఏమవుతుంది మరి?" అన్నాడు.

"జపాన్‌వాళ్లు ఇమనాగా, సుజుకీ మీ జట్టులోనే ఉన్నారు కదండీ" అన్నాను. పెద్దాయన నావైపు, శ్రాద్ధంలో ఉప్పు తక్కువైందన్న అల్లుణ్ణి చూసినట్టు చూశాడు.

ఇంత బాధ పడుతున్న మనిషి ముఖంలో ఆ కళ ఏమిటా అనుకున్నాను. ఆ రహస్యం తర్వాత మెట్ల దగ్గర పెద్దావిడ చెప్పింది. 2016 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో, మధ్యలో పదిహేడు నిమిషాలు వానకి ఆగిన వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, పదో ఇన్నింగ్స్‌లో 8-7తో కబ్స్ గెలిచింది. 108 ఏళ్ల తర్వాత కప్పు. ఊళ్లోవాళ్లంతా రిగ్లీ గోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు, ఆ రోజు చూడకుండానే పోయినవాళ్ల పేర్లు. ఈయన వాళ్ల నాన్న పేరు రాసి, పక్కనున్న ముక్కూమొహం తెలియని ముసలామెకి చెయ్యందకపోతే ఆమె అన్న పేరు కూడా రాసిపెట్టాడట.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ శీతాకాలం మాత్రం ఇల్లు అమ్మాయిని అత్తారింటికి పంపేసినట్టు బోసిపోయిందట. మనిషి దేనికీ విసుక్కోడు. చారులాంటి సూప్ పెట్టినా తాగేస్తాడు. మంచు ఎత్తేవాడు రాకపోయినా, పోనీలే అంటాడు. పెద్దావిడకి భయమేసి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది. 2017 సీజన్ మొదటి ఆట సెయింట్ లూయిస్‌లో పడింది. కబ్స్ ఆఖరి ఇన్నింగ్స్‌లో 4-3తో ఓడింది. ఆ రాత్రి ఆయన మేనేజర్‌ని తిట్టి, వాతావరణాన్ని తిట్టి, సూప్‌లో ఉప్పెక్కువైందని గిన్నె పక్కకి నెట్టాడు. ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ రద్దు చేసింది.

టోక్యోలో రెండో ఆట మర్నాడే, మళ్లీ అయిదూ పదికే. కింద లైటు వెలిగింది. ఈసారి మా ఆవిడ లేవలేదు. నేనే లేచి, స్వెట్టర్ తగిలించుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాను. పెద్దాయన పెన్సిలు చెక్కుతున్నాడు. బల్లమీద రెండో అట్ట, రెండో కాగితం సిద్ధంగా ఉన్నాయి. వస్తావా అని ఆయన అడగలేదు, వస్తానని నేను చెప్పలేదు. నాలుగో ఇన్నింగ్స్‌కల్లా కాగితం చిరిగేలా 'కె' తిరగేసి రాయడం నాకూ పట్టుబడింది.

ఎనిమిదింటికి పైకొచ్చేసరికి మా ఆవిడ దోసె వేస్తోంది. "ఏమైంది?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఆరు మూడుతో ఓడిపోయాం. మన బౌలింగేం బాలేదు" అన్నాను.

అట్లకాడ పట్టుకుని ఇటు తిరిగింది. "మనమెప్పుడు ఆడాం?"