కోడ్ ఊరందరిది, సంతకం ఒకరిది

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. దిద్దినదాన్ని అసలులో కలిపే అధికారం మాత్రం కొద్దిమంది మెయింటెయినర్లదే. 1991లో లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌దే నేటికీ దాని మూలభాగమైన కెర్నల్‌లో ఆఖరి మాట. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్‌కైతే 'జీవితకాలపు దయగల నియంత' అనే బిరుదే ఉండేది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లో పండితులు సభలో ఎంతసేపైనా వాదించుకోవచ్చు, శాలువా ఎవరికో తేల్చేది గద్దె మీదున్నవారు. ఆ గద్దెలవారు నిజాంకు కప్పం కట్టాల్సి ఉండేది. మెయింటెయినర్‌కు ఆ బాధ లేదు, జీతమిచ్చే కంపెనీ వెనకాల ఉంటే తప్ప.

సంస్థానాలు పోవడానికి 1948లో భారత సైన్యం దిగాల్సి వచ్చింది. పైథాన్ గద్దె ఖాళీ కావడానికి ఒక కోలన్, దాని పక్కన ఒక సమం గుర్తు చాలాయి. ఆ జంటను భాషలోకి రానివ్వాలా వద్దా అన్న రగడతో విసిగి 2018 జులైలో గైడో తప్పుకున్నారు. 2019లో అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఎన్నికైంది. ఓటు కోర్ డెవలపర్లకే, వాడుకునే కోట్లమందికి కాదు. నచ్చనివారు కోడ్ నకలు తీసుకుని 'ఫోర్క్' పేరుతో వేరు కుంపటి పెట్టుకోవచ్చు. పొయ్యి ఉచితమే, వండిపెట్టేవారే దొరకరు.