పుట్టి మామ

కర్నూలు పాతబస్తీలో సందుకొక పుట్టి మామ ఉంటాడు. ఏదో ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి. ఎండాకాలమంతా ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఆయనే, ఎగువన నాలుగు చినుకులు పడ్డాయంటే తెడ్డు వెతుకుతాడు.

ఈ పిచ్చి 2009 అక్టోబరు 2న పట్టింది. ఆ రోజు తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊళ్లోకొచ్చాయి. కింద శ్రీశైలం డ్యాము 19 లక్షల క్యూసెక్కులు పట్టేటట్టు కట్టింది. దాదాపు పాతిక లక్షలు వచ్చిపడి, 885 అడుగుల నీటిమట్టం 896 దాకా ఎగబాకింది. మామ మిద్దె మీద చేతులు చాచి నిలబడితే హెలికాప్టరు వేసిన అన్నం పొట్లం పక్కింటి మిద్దె మీద పడింది. ఇక ప్రభుత్వాన్ని నమ్మేది లేదని ఆ క్షణమే తీర్మానించాడు.

బురద ఎత్తిపోయించాక మొదట చేసిన పని పుట్టి కొనడం. వెదురుతో అల్లి, కింద తారు పట్టించిన గుండ్రటి పుట్టి. ఇప్పటికీ మిద్దె మీదే ఉంది. అత్త దాంట్లో మిరపకాయలు ఎండబెడుతుంది. చెయ్యి పెడితే అల్లిక సందుల్లో గింజలు తగులుతాయి.

ప్లాను ఘనమైంది. మిద్దె మీది నుంచే పుట్టి నీళ్లలోకి దించాలి. తుంగభద్ర వాలున సంగమేశ్వరం, అక్కణ్ణుంచి నల్లమల అంచున కొలనుభారతి, వరద తీసేదాకా అమ్మవారి గుడి నీడన మకాం. బొరుగులు, సద్దరొట్టెలు, శెనక్కాయల పొడి, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డులు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బరువుల ప్రకారం పట్టిక రాసి గోడకంటించాడు. అత్త పేరు నట్టనడుమ వేశాడు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు అత్త నెమ్మదిగా అడిగింది: "సామీ, ఏట్లో నీళ్లున్నప్పుడు సంగమేశ్వరుడే మునిగుంటాడు. ఆయన బయటపడేటప్పటికి మన ఏట్లో ఇసుక. ఏ నెలలో పోదామంటావు?"

మామ జవాబు చెప్పలేదు, రిహార్సలు పెట్టాడు. హంద్రిలో, మోకాటి లోతులో. తెలియనివాడు తెడ్డేస్తే పుట్టి ముందుకు పోదు, గిరగిరా తిరుగుతుంది. మామ నాలుగు దిక్కులూ పదేపదే చూసి ఎక్కినచోటే దిగి, గోడ పట్టుకుని "ట్రయల్ సక్సెస్" అన్నాడు.

వియ్యంకుడిది కడప జిల్లా రాజంపేట దిక్కు. వచ్చినప్పుడల్లా "మీ ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది బావా?" అని ఎకసెక్కాలాడేవాడు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపుత్తూరు, మందపల్లి మీద పడ్డాక ఆ మాట ఎత్తలేదు. అక్కడ చాలామందికి మిద్దెక్కే వ్యవధి కూడా దొరకలేదు.

అప్పటినుంచి మామా మారాడు. హొస్పేట డ్యాము నుంచి ఎన్ని నీళ్లొదిలినారు, సుంకేసులలో ఎన్ని గేట్లెత్తినారు, రోజూ డైరీలో రాస్తాడు. లెక్క పెరిగితే అర్ధరాత్రయినా సందంతా ఫోన్లు: "పైన నీళ్లొదిలినారబ్బీ, ముసలోళ్లను మిద్దెక్కించండి."

పుట్టిని చూసి నవ్వుకోండి, తప్పులేదు. ఆ ఫోను మాత్రం ఎత్తండి.